నవంబరు వానకు ముందు: తిరుపతి ఇంట్లో ఏది ఉండాలి, ఏది అక్కర్లేదు

విపత్తుకు ఎలా సిద్ధం కావాలని వెతికితే దొరికే జాబితాల్లో సగం మనకు పనికిరావు. గుడారం, గొడ్డలి, చెకుముకి, అడవిలో ఉచ్చు పన్నే తాడు. కొర్లగుంటలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లకో, ఎం.ఆర్.పల్లెలో మూడో అంతస్తులో ఉండేవాళ్లకో వాటితో ఏం పని? ఇక్కడ వచ్చే కష్టం ఎట్లా ఉంటుందో 2021 నవంబరు 18, 19 తేదీల్లో ఊరంతా చూసింది. బంగాళాఖాతంలో వాయుగుండం, శేషాచలం మీద ఎడతెగని వాన, కొండ నీళ్లన్నీ కపిలతీర్థం మీదుగా ఊళ్లోకి, చంద్రగిరి వైపు నుంచి స్వర్ణముఖిలోకి. వీధిలో నీళ్లు నిలిచాక మిగతాదంతా వరసగా వస్తుంది. కరెంటు తీసేస్తారు, మోటారు ఆడదు, మిద్దె మీద ట్యాంకు అడుగంటుతుంది, సెల్ టవర్ బ్యాటరీ అయిపోయి ఫోను మూగబోతుంది. చిత్తూరులో నీవా ఒడ్డున ఉన్నవాళ్లదీ ఇదే వరస.

యుద్ధం, కర్ఫ్యూ లాంటివి వస్తే? 2025 మే 7న దేశమంతా పౌర రక్షణ మాక్ డ్రిల్ జరిగి, విశాఖలో సైరన్లు మోగినప్పటి నుంచి ఆ ప్రశ్న మన వైపూ వినిపిస్తోంది. లెక్క వేసి చూస్తే ఇంట్లో కావాల్సినవి పెద్దగా మారవు. మూడు నాలుగు రోజులు గడప దాటకుండా ఉండగలగాలి, వెలుతురు బయటికి పోకూడదు, నెట్ లేకపోయినా కబురు తెలియాలి. వరదకు సరిపడా సర్దుకున్న ఇల్లు దానికీ సరిపోతుంది. అదనంగా కావాల్సింది కిటికీలకు మందపు దుప్పట్లు, వాటిని తగిలించే మేకులు, అంతే.

అందుకే ఈ పోలికలో ఆయుధాలు, గ్యాస్ మాస్కులు లేవు. డబ్బు పెట్టాల్సిన వరస మాత్రం గట్టిగా చెబుతాం: ముందు నీళ్లు, తర్వాత కరెంటు, ఆ తర్వాత పొయ్యి. చాలా ఇళ్లలో ఈ వరస తలకిందులుగా ఉంటుంది. ముప్పై వేలు పోసి ఇన్వర్టరు కొంటారు, తాగే నీళ్లు మాత్రం ఏ పూటకు ఆ పూట క్యాను తెచ్చే అబ్బాయి మీద ఆధారపడి ఉంటాయి.

ఉండాలా, వెళ్లాలా

ఏదైనా కొనకముందు తేల్చుకోవాల్సింది ఇది. మొదటి అంతస్తు, ఆపైన ఉండి, కట్టడం గట్టిదైతే ఉండిపోవడమే మేలు. కింది ఇల్లు అయితే, అందులోనూ వంక పక్కనో, చెరువు కట్ట కిందో ఉంటే, వెళ్లడమే మేలు. మధ్యలో ఉన్నవాళ్లకే చిక్కు. వాళ్లకొక కొలమానం: ఇంటి ముందు నీళ్లు పారుతున్నాయా, నిలిచి ఉన్నాయా? నిలిచిన నీళ్లు సామాను పాడు చేస్తాయి. పారే నీళ్లు మనిషిని తీసుకుపోతాయి. నీళ్లు పారే దారిలో ఇల్లుంటే అవి రాకముందే, వెలుతురు ఉండగానే కదలాలి.

చెరువు కట్ట విషయంలో వాదనే వద్దు. 2021లో రాయలచెరువు కట్టకు లీకు పడితే దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. కట్ట నిలబడింది కాబట్టి ఆ ఖాళీ చేయించడం అనవసరమని తర్వాత అనుకోవడం తేలిక. మట్టికట్టలో నీళ్లు ఊరడం మొదలైతే లోపలి మట్టి కొద్దికొద్దిగా కొట్టుకొచ్చి బొక్క పెద్దదవుతుంది. తెగే ముందు గంట టైము ఇస్తుందన్న నమ్మకం లేదు. మరవ (అలుగు) పారుతుంటే భయం లేదు, నీళ్లు పోవాల్సిన దారి అదే. కట్ట కింద కొత్తగా ఊట కనిపించి, ఆ నీళ్లు తేటగా కాకుండా బురదగా వస్తుంటే ఎవరూ చెప్పకముందే లేవాలి.

పై అంతస్తులో ఉన్నా వెళ్లాల్సిన ఇళ్లు కొన్ని ఉన్నాయి: డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, ఆక్సిజన్ మిషను వాడేవాళ్లు, నెలలు నిండిన గర్భిణి. వీళ్లు రెడ్ అలర్టు వచ్చిన రోజే ఆసుపత్రికి దగ్గరలో ఉన్న చుట్టాలింటికి చేరాలి.

ఎట్లా వెళ్లాలనేది ఇంకో ఎంపిక. కారు భద్రమనిపిస్తుంది, కానీ పారే నీళ్లలో అదే పెద్ద మోసం. చీలమండ దాటి 15 సెంటీమీటర్ల లోతు ఉరవడి మనిషిని పడేయగలదు. 30 సెంటీమీటర్లకు చిన్న కారు తేలడం మొదలుపెడుతుంది. 60కి జీపుల్లాంటివీ ఆగవు. రైల్వే అండర్‌బ్రిడ్జిల్లో లోతు కంటికి తెలియదు. రోడ్డు కిందికి దిగుతుంది, నీటి మట్టం మాత్రం సమంగా కనిపిస్తుంది. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర అండర్‌బ్రిడ్జిలో బండి చిక్కుకుని దర్శనానికి వచ్చిన ఒక యువతి చనిపోయింది. వానలో అండర్‌బ్రిడ్జి కంటే ఓవర్‌బ్రిడ్జి చుట్టు తిరిగి పోవడమే దగ్గరి దారి అనుకోవాలి. ఒకవేళ బండి నీళ్లలో ఆగిపోతే తలుపుతో కుస్తీ పట్టొద్దు, బయటి నీళ్ల బరువు దాన్ని తెరవనివ్వదు. కరెంటు ఉండగానే పక్క అద్దం దించేయాలి. దిగకపోతే సీటు తలదిండు ఊడబీకి, దాని ఇనుప కడ్డీతో పక్క అద్దం మూల మీద కొట్టాలి. ముందు అద్దం జోలికి పోవద్దు, అది పొరలు అతికించిన గాజు, పగిలినా ఊడిరాదు.

నీళ్లు: క్యానా, డ్రమ్మా, ట్యాంకా

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 5 లీటర్లు పెట్టుకోండి. నలుగురు, నాలుగు రోజులు: 80 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు నాలుగు. స్నానం, పాత్రలు, మరుగుదొడ్డి లెక్క వేరు. ఒక్కసారి ఫ్లష్ నొక్కితేనే 6 నుంచి 10 లీటర్లు పోతాయి, అదే చెంబుతో పోస్తే సగంలో అయిపోతుంది.

మూతకు సీలు ఉన్న క్యాన్లు తాగేనీటికి అన్నిటికంటే మంచివి. బరువు 20 కిలోలే కాబట్టి మిద్దె పైకి మోసుకుపోవచ్చు, ఒకటి చెడితే మిగతావి చెడవు. నెలకోసారి పాతవి వాడేసి కొత్తవి పెట్టుకోవాలి. ఎండ తగిలేచోట పెడితే పాచి పడుతుంది.

200 లీటర్ల నీలం డ్రమ్ము చౌక. చిక్కులు రెండు. నింపాక అది 200 కిలోలు, కదలదు. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ అంచున పెట్టొద్దు, గోడ వారన పెట్టాలి. రెండోది, కింద కుళాయి లేని డ్రమ్ములో చెంబు ముంచుతాం, చెంబుతో పాటు చెయ్యీ ముంచుతాం. మూడో రోజుకు ఇంటిల్లిపాదికీ విరేచనాలు పట్టుకోవడానికి ఆ చెయ్యి చాలు. కుళాయి బిగించినదే కొనండి. రసాయనాలు తెచ్చిన పాత డ్రమ్ము ఎంత కడిగినా తాగేనీటికి వద్దు.

మిద్దె మీద ట్యాంకును చాలామంది లెక్కలోకే తీసుకోరు. 1000 లీటర్లంటే నలుగురికి వాడకం నీళ్లు వారం వస్తాయి, మధ్యలో ఎవరూ వృథా చేయకపోతే. అక్కడే పప్పులో కాలేస్తారు. కరెంటు పోయిన రాత్రి ట్యాంకు నిండుగానే ఉంటుంది. కారుతున్న ఒక్క ఫ్లష్, తెరిచి మరచిన ఒక్క కుళాయి చాలు, తెల్లారేసరికి ఖాళీ. అలర్టు రాగానే మోటారు వేసి ట్యాంకు నింపి, దాని కింద పైపుకున్న గేటు వాల్వు కట్టేయండి. రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున తెరిచి బిందెలు పట్టుకుంటే చాలు.

ఇక సంపు. వరదలో నమ్మకూడనిది ఇదే. మూత నేల మట్టానికి ఉంటే డ్రైనేజీ నీళ్లు నేరుగా దిగుతాయి. ఇంకో ప్రమాదం మన ఊళ్లోనే కళ్లకు కట్టింది. 2021 వరదల తర్వాత శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో సంపు శుభ్రం చేస్తుండగా భూమిలో ఉన్న సిమెంటు రింగుల నిర్మాణం మొత్తం పైకి లేచి నిలబడింది. వింత అన్నారు, మహిమ అన్నవాళ్లూ ఉన్నారు. పడవ తేలే సూత్రమే అది. నాలుగు అడుగుల వెడల్పు, పది అడుగుల లోతు సంపు చుట్టూ నేల నీటితో నిండిపోతే దాన్ని పైకి నెట్టే బలం దాదాపు 3500 కిలోలు. లోపల నీళ్లుంటే ఆ బరువు అణచిపెడుతుంది. ఖాళీ చేస్తే పడవే. కాబట్టి చుట్టూ నేల ఊరుతున్నన్నాళ్లూ సంపును పూర్తిగా తోడొద్దు, అందులో దిగొద్దు. మురికి నీళ్లే అయినా ఉండనివ్వండి. బావులు, వీధి గుంటలు ఇంకిపోయాక కడుక్కోవచ్చు.

నీళ్లు శుద్ధి చేయడం

ఆర్‌వో మిషనుకు కరెంటు కావాలి, నీటి ఒత్తిడి కావాలి, పైగా ఒక లీటరు ఇచ్చి రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. కరువులో దాని సాయం కోరకండి. కొవ్వొత్తి ఆకారం ఫిల్టర్లు ఉండే పాతకాలపు స్టీలు ఫిల్టరు కరెంటు లేకుండా నడుస్తుంది, బురదనూ చాలావరకు క్రిములనూ ఆపుతుంది, కానీ అతిచిన్న వైరస్‌లను ఆపలేదు. సన్నని పగులు పడితే అదీ ఇదీ ఏదీ ఆగదు. దానిలోంచి దిగిన నీళ్లలో క్లోరిన్ వేసుకోవాల్సిందే.

మరగబెట్టడం అన్నిటికంటే నమ్మకమైనది. తెర్లు కాగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు, పావుగంట కాచాల్సిన పనిలేదు. ఖర్చు గ్యాసు: లీటరుకు సుమారు 10 గ్రాములు పడుతుంది. రోజుకు 20 లీటర్లు కాస్తే 200 గ్రాములు. రెండో సిలిండరు ఉన్న ఇంటికి ఇదే మంచి దారి.

గ్యాసు తక్కువ ఉన్నవాళ్లకు క్లోరిన్. మాత్రలా, బ్లీచింగ్ పౌడరా అనే ప్రశ్నకు జవాబు పాత్ర సైజులో ఉంది. వెయ్యి లీటర్ల ట్యాంకులో మామూలు నీళ్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు, వరద తర్వాత అనుమానం ఉన్న నీళ్లకు 5 గ్రాములు. అదే లెక్కన 20 లీటర్ల క్యానుకు ఒక గ్రాములో పదో వంతు. వంటింటి తక్కెడ దాన్ని చూపించదు, చిటికెతో వేస్తే పదింతలు పడుతుంది. అందుకే ట్యాంకుకు పౌడరు, క్యానుకు మాత్ర. మాత్రల్లో ఒక లీటరుకు వేసేవి, 20 లీటర్లకు వేసేవి వేరువేరుగా ఉంటాయి. పట్టీ మీద ఏముందో చూడకుండా వేయొద్దు.

పౌడరును నేరుగా ట్యాంకులో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత ముప్పావు బకెట్ నింపి, పది నిమిషాలు కదిలించకుండా ఉంచాలి. అడుగున సున్నం పేరుకుంటుంది. పైతేట మాత్రమే ట్యాంకులో పోసి, గంట ఆగి వాడాలి. గ్లాసులో పట్టి వాసన చూస్తే లేతగా క్లోరిన్ తెలియాలి. తెలియకపోతే అంతే మోతాదు మళ్లీ వేయాలి. మూత తెరిచిన పౌడరు తేమకు నెలలోనే బలం కోల్పోతుంది, ఇనుప డబ్బాలో పెడితే డబ్బాను తినేస్తుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, నిరుడు మిగిలింది కాకుండా ఈ ఏడాది కొన్నదే ఉంచుకోండి.

బురద నీళ్లలో ఏ క్లోరినూ సరిగా పనిచేయదు, బురదే దాన్ని మింగేస్తుంది. ముందు నాలుగు మడతల బట్టతో వడకట్టి, పటిక ముక్క తిప్పి, తేరనివ్వాలి. పల్లెల్లో ఇండుప గింజ అరగదీసి కలిపే అలవాటు ఇంకా ఉన్నచోట అదీ బాగానే పనిచేస్తుంది. కానీ తేట కావడం వేరు, క్రిములు చావడం వేరు. పటిక, ఇండుప గింజ మొదటి పనే చేస్తాయి. పురుగుమందుల గోదాము మీదుగానో, పెట్రోలు బంకు మీదుగానో వచ్చిన నీళ్లకు మాత్రం మరగబెట్టడం, క్లోరిన్, రెండూ పనికిరావు. వాటిని తాగొద్దు.

కరెంటు: ఇన్వర్టరు, లిథియం, పవర్ బ్యాంకు, జనరేటరు

ముందు ఒక భ్రమ పోగొట్టుకోవాలి. పైకప్పు మీద సోలార్ పలకలున్నాయి కాబట్టి మాకు భయం లేదనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. సబ్సిడీతో పెట్టించుకున్నవి చాలావరకు ఆన్‌గ్రిడ్ రకం. లైన్లో కరెంటు పోగానే అవి తమంతట తామే ఆగిపోతాయి. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మన పైకప్పు నుంచి షాకు కొట్టకూడదని అట్లా చేశారు. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా కరెంటు లేని ఇంట్లో ఫ్యాను తిరగదు. బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టించుకుంటేనే తిరుగుతుంది. అదీ నవంబరు మబ్బుల్లో అంతంత మాత్రం.

150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) ట్యూబులర్ బ్యాటరీ, అంటే యాసిడ్ పోసే సీసపు రకం, మన ఇళ్లలో మామూలు. కాగితం మీద 1800 వాట్ అవర్లు, చేతికొచ్చేది 1200 దాకా. పాత రకం ఫ్యాన్లు రెండు, ఎల్‌ఈడీ బల్బులు మూడు, రూటరు నడిపితే సుమారు 190 వాట్లు, ఆరు గంటల్లో చేతులెత్తేస్తుంది. అదే ఇంట్లో ఫ్యాన్లు మార్చి 30 వాట్ల బీఎల్‌డీసీవి పెడితే 97 వాట్లు, పన్నెండు గంటలు. అంటే రెండో బ్యాటరీ కొనడం కంటే రెండు ఫ్యాన్లు మార్చడం చౌక, ఏడాది పొడవునా బిల్లూ తగ్గుతుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే ఈ గంటల్లో సగమే నమ్మండి.

ట్యూబులర్‌తో అసలు ఇబ్బంది అది ఉండే చోటు. ట్రాలీలో నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో ఉంటుంది, బరువు యాభై కిలోలకు పైమాటే. నీళ్లు గడప దాటాక దాన్ని ఎత్తేవాళ్లుండరు. కింది ఇళ్లవాళ్లు ముందే మూడు అడుగుల గట్టు కట్టించి దాని మీద పెట్టించుకోవాలి. అయితే మూసిన అల్మారాలో పెట్టకూడదు, చార్జింగు వేళ హైడ్రోజన్ వదులుతుంది. 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ ఇచ్చే కరెంటు 150 ట్యూబులర్‌కు కాస్త తక్కువ, ధర ఎక్కువ, కానీ బరువు పన్నెండు పదమూడు కిలోలు. వైరు ఊడదీసి చంకలో పెట్టుకుని మిద్దె ఎక్కొచ్చు. మా ఎంపిక: కింది ఇంటికి లిథియం, పై అంతస్తుకు ట్యూబులర్. పాత ఇన్వర్టరుకే లిథియం తగిలించబోతే అందులో లిథియం చార్జింగు సెట్టింగు ఉందో లేదో చూసుకోవాలి.

పవర్ బ్యాంకు మీద 20,000 అని రాసి ఉంటే 5,000 బ్యాటరీ ఫోనుకు నాలుగుసార్లు వస్తుందనుకుంటాం. రాదు. ఆ అంకె లోపలి సెల్లు వోల్టేజి మీద లెక్క, 5 వోల్టులకు పెంచేటప్పుడు, కేబులులో, ఫోనులో కొంత పోతుంది. రెండున్నర సార్లు వస్తే గొప్ప. ఇద్దరికి ఒకటి చొప్పున ఉంచుకుని, డేటా ఆపేసి, బ్యాటరీ సేవర్ పెట్టి వాడితే నాలుగు రోజులు లాగొచ్చు.

పెట్రోలు జనరేటరు వద్దనే చెబుతాం, విడి ఇల్లు, పెరడు ఉంటే తప్ప. చిన్నదే అయినా గంటకు అర లీటరు తాగుతుంది, పెట్రోలు ఇంట్లో నిలవ పెట్టడం ఒక ముప్పు, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మరో ముప్పు. ఆ వాయువుకు రంగు, వాసన లేవు. వానకు తడుస్తుందని జనరేటరును వరండాలోకి లాగి నిద్రపోయినవాళ్లు లేవకపోవడానికి అదే కారణం. బొగ్గుల కుంపటి గదిలో పెట్టినా ఇదే జరుగుతుంది. అపార్టుమెంటుకు డీజిల్ జనరేటరు ఉన్నా అది సెల్లార్‌లో ఉంటే మొదట మునిగేది అదే. కమిటీవాళ్లు డబ్బు పెట్టాల్సింది దాన్ని గట్టు మీదికి ఎక్కించడానికి, మోటారు ప్యానల్ బోర్డును గోడ మీద తల ఎత్తుకు జరపడానికి. అలర్టు రాగానే లిఫ్టును పై అంతస్తుకు పంపి అక్కడే ఆపేయాలి. కింద వదిలితే గుంటలో నిండే నీళ్లు క్యాబిన్‌ను తడిపేస్తాయి, బాగుచేతకు లక్షలు.

వెలుతురుకు తలకు కట్టుకునే టార్చి అన్నిటికంటే మేలు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, మెట్ల మీద పిల్లను ఎత్తుకోవచ్చు. ఫోను టార్చి బ్యాటరీని తినేస్తుంది. కొవ్వొత్తి గ్యాసు వాసన అనుమానం ఉన్న ఇంట్లో వెలిగించరాదు, వరదలో ఆ అనుమానం ఎప్పుడూ ఉంటుంది.

మెయిన్ స్విచ్ సంగతి. నీళ్లు కింది ప్లగ్గుల దాకా రాకముందే, పొడి నేల మీద నిలబడి, చెప్పులతో, మెయిన్ ఆపేయాలి. నీళ్లలో నిలబడాల్సి వస్తే దాన్ని ముట్టొద్దు, 1912కు ఫోను చేసి ఫీజు తీయించాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇల్లు చిత్తూరు, తిరుపతి పాత వీధుల్లో ఇంకా చాలా ఉన్నాయి. ఇన్వర్టరు కంటే ముందు పెట్టించాల్సింది అది. కరెంటు లీకైతే, షాకు ప్రాణం మీదికి తెచ్చేలోపే లైన్ తెగ్గొడుతుంది. ఇన్వర్టరు లైన్‌కు అది వర్తించకపోవచ్చు, కాబట్టి తడి ఇంట్లో ఇన్వర్టరు కూడా ఆపాలి. మెయిన్ ఆపాం కదా అని తడి స్విచ్ ముట్టుకుంటే ఇన్వర్టరు కరెంటు కొడుతుంది. ఈ పొరపాటు జరిగే ఇళ్లు తక్కువేం కాదు.

పొయ్యి

ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు లాగుతుంది, ఇంటి ఇన్వర్టరు మోయలేదు. కాబట్టి పోటీ 14.2 కిలోల రెండో సిలిండరుకు, 5 కిలోల చిన్నదానికి మధ్యే. కింది ఇల్లు, ఒంటరి పెద్దవాళ్లు అయితే చిన్నది. పైకి మోసుకుపోవచ్చు, నలుగురికి పొదుపుగా వారం పైనే వస్తుంది. పై అంతస్తులో కుటుంబానికి రెండో పెద్ద సిలిండరే లాభం.

నిండు సిలిండరు కూడా నీళ్లలో తేలుతుందని చాలామందికి తెలియదు. ఖాళీది 15, 16 కిలోలు, గ్యాసుతో 30. అది పక్కకు నెట్టే నీళ్ల బరువు అంతకంటే ఎక్కువ. నీళ్లు నడుము దాకా వస్తే సిలిండరు లేచి పక్కకు ఒరుగుతుంది, రబ్బరు గొట్టాన్ని పీకేస్తుంది. రెగ్యులేటరు తీసి, దానికే వేలాడే ప్లాస్టిక్ మూత బిగించి, కిటికీ కమ్మీకి నిలువుగా తాడుతో కట్టాలి. పడుకోబెట్టకూడదు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే కింద పరుచుకుని వంటింటి మూలల్లో దాక్కుంటుంది. తిరిగొచ్చాక కిటికీలు తెరిచి, ఏ స్విచ్చూ వేయకుండా కాసేపు వదిలేయాలి. లీకుకు 1906.

తిండి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. టిన్నులు, ఖరీదైన ఎనర్జీ బార్లు అక్కర్లేదు. బొరుగులు, అటుకులు, వేయించిన చెనక్కాయలు, బెల్లం, పప్పుల పొడి, ఖర్జూరం. పొయ్యి వెలిగితే రాగిపిండి, బియ్యం నూకతో సంగటి. ఒక్క కుక్కర్లో అయిపోయేదాన్నే వండుకుంటే గిన్నెలు కడిగే నీళ్లు మిగులుతాయి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ లేనప్పుడు శుభ్రమైన లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి తాగించాలి, చెంచా కుప్పగా కాకుండా అంచుకు సమంగా గీసి కొలవాలి.

కబురు, కాగితాలు, మందులు

కాల్ కలవనప్పుడు ఎస్‌ఎంఎస్ పోతుంది. ఇంట్లో అందరిదీ ఒకే కంపెనీ సిమ్ అయితే ఒకటి మార్చుకోండి. బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న ఒక చుట్టాన్ని అందరికీ కబురందించే మనిషిగా ముందే అనుకోవాలి. ఊళ్లో లైన్లు కిక్కిరిసినా బయటికి వెళ్లే దారి దొరుకుతుంది. ఫోనులో రేడియో చాలా కొత్త మోడళ్లలో లేదు, ఉన్నా వైరు హెడ్‌ఫోను కావాలి. రెండు పెన్సిల్ సెల్లుల చిన్న రేడియో మీద ఆకాశవాణి తిరుపతి వినొచ్చు. సెల్లులు రేడియోలో వదలొద్దు, కారి తుప్పు పట్టిస్తాయి, విడిగా ఉంచండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, జిల్లా విపత్తు కంట్రోల్ రూముకు 1077. ఇవి ఫోనులో కాకుండా తలుపు వెనక కాగితం మీద ఉండాలి.

యూపీఐ పనిచేయనప్పుడు ఐదువందల నోటుకు చిల్లరిచ్చేవాడు దొరకడు. పది, ఇరవై, యాభై నోట్లలో రెండు వేలు దాచండి. డిజిలాకర్‌కు నెట్ కావాలి, అందుకే ఆధార్, పాసుబుక్కు, ఇంటి పత్రాల జిరాక్సులు జిప్ కవరులో. మందులు పది రోజులవి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఫ్రిజ్ లేదని భయపడొద్దు. తెరిచిన సీసా 30 డిగ్రీల లోపు దాదాపు నాలుగు వారాలు ఉంటుంది. తడి బట్ట చుట్టిన మట్టి కుండలో, సీసా తడవకుండా చిన్న డబ్బాలో పెట్టి నీడన ఉంచితే చాలు.

ఏ పని నేర్చుకోవాలి

సామాను తర్వాత చూద్దాం, చేతిపని ముందు అనే వాదనలో నిజముంది. కానీ ఏది ముందు? కత్తిసాములు, ముడులు కాదు. మొదటిది: ఇంట్లో పదేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ మెయిన్ స్విచ్, గ్యాసు రెగ్యులేటరు, ట్యాంకు వాల్వు చీకట్లో ఆపడం రావాలి. రెండోది: రక్తం ఆపడం. శుభ్రమైన బట్ట పెట్టి పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. మధ్యలో ఎత్తి చూసుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. బట్ట తడిస్తే దాని మీదే ఇంకోటి. మూడోది సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కడం: ఛాతీ నడిమధ్య, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు. దీన్ని చదివి నేర్చుకోలేం, బొమ్మ మీద నొక్కి చూడాలి. వరద తగ్గాక పాములు ఇళ్లలోకి వస్తాయి. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏదీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి పెద్దాసుపత్రికి.

తిరుపతిలో ఉన్నవాళ్లు నేర్చుకోవాల్సింది ఇంకోటుంది: గుంపులో నిలబడడం. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం గుమిగూడినప్పుడు తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అలాంటిచోట ఎక్కువమంది పోయేది కాళ్ల కింద పడి కాదు, ఊపిరాడక. పక్కవాళ్ల భుజాలు రెండు వైపులా తగిలి, చేతులు పైకెత్తలేని స్థితి వస్తోందనిపిస్తే అప్పుడే బయటపడాలి. ముందుకూ వెనక్కూ తోయకుండా, గుంపు కదిలి ఆగిన ప్రతిసారీ ఏటవాలుగా అంచు వైపు ఒక్కో అడుగు. చేతులు బాక్సింగ్ వాళ్లలా ఛాతీ ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోవాలి. గోడకు, బారికేడుకు ఆనుకోవద్దు. చెప్పు జారినా, ఫోను పడినా వంగొద్దు. పిల్లల్ని చెయ్యి పట్టుకుని కాదు, ఎత్తుకుని ఉండాలి.

ఒక్క శనివారం రాత్రి

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి. అంతకు ముందు ఒక శనివారం సాయంత్రం ఆరింటికి మెయిన్ ఆపి, మోటారు వేయకుండా, నెట్ లేకుండా ఆదివారం ఉదయం దాకా గడిపి చూడండి. ఏది కొనాలో దుకాణాలవాళ్లు చెప్పలేనిది ఆ రాత్రి తేలిపోతుంది. సాధారణంగా బయటపడేవి ఇవి: టార్చిలో సెల్లులు కారి ఉంటాయి. ఇన్వర్టరు లైన్ మీద ఫ్రిజ్ కూడా కలిపేసి ఉంటారు, తొమ్మిదింటికల్లా బీప్ మొదలవుతుంది. అవ్వకు మందుల డబ్బా ఎక్కడుందో తెలియదు. దాదాపు ప్రతి పాత ఇంట్లోనూ ట్యాంకు గేటు వాల్వు తుప్పు పట్టి తిరగదు, బలవంతం చేస్తే చక్రం చేతికొస్తుంది. ప్లంబరును పిలిచి దాని బదులు ఇత్తడి బాల్ వాల్వు వేయించండి. పిడి పావు చుట్టు తిప్పితే చాలు, పిల్లలకూ తిరుగుతుంది.